వాగు దిగేటప్పుడు వచ్చిన చప్పుడు

మొన్నటి వానాకాలంలో నా స్నేహితుడొకాయన గుండె ఆగి పోయాడు. దమ్మపేట అవతల, అడవిని ఆనుకుని ఉన్న గూడేల్లో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసేవాడు. సంతాప సభలో ఆయన ఫొటో కింద పెద్ద పెద్ద మాటలతో ఫ్లెక్సీ కట్టారు. బతికుండగా దాన్ని చూసి ఉంటే సిగ్గుపడి పక్క సందులోకి పోయేవాడు. నన్ను కూడా మాట్లాడమన్నారు. "మంచి మనిషి. బండిని బాగా చూసుకునేవాడు" అని చెప్పి కూర్చున్నాను. వెనక ఎవరో చిన్నగా నవ్వారు. నవ్వేలాగే ఉంది ఆ మాట. కానీ ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆ బండి చుట్టూనే ఉంది. దాని గురించి మైకు ముందు చెప్పడం నాకు చేతకాలేదు.

నేను సత్తుపల్లిలో ఒక మోటార్ సైకిళ్ల షోరూమ్‌లో వర్క్‌షాప్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు స్పానర్ పట్టుకుంటున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. ఇందులో నేర్చుకోవలసిన పనితనం ఏమీ లేదు. సైలెన్సర్ మార్చడం మీకు నాకంటే బాగా వచ్చు. ఇది రహస్యం కూడా కాదు. అప్పట్లో మా షోరూమ్‌లో అందరికీ తెలిసిన సంగతే. కొన్నాళ్లు మాట్లాడుకుని వదిలేశారు.

ఆయనది తండా. ఆ తండాలో సర్కారు నౌకరీకి వెళ్లిన మొదటి ఇద్దరు ముగ్గురిలో ఒకడు. ముందు మామూలు బండి ఉండేది. వానలు మొదలైతే సగం గూడేలకు దాని మీద పోలేక నడిచేవాడు. తర్వాత రోడ్డు మీదా, రోడ్డు లేని చోటా నడిచే ఎత్తు బండి ఒకటి మా దగ్గరే కొన్నాడు. డ్యూయల్ స్పోర్ట్ అంటారు కదా, అది. మా దగ్గర అలాంటివి కొన్నవాళ్లంతా కల్లూరు, సత్తుపల్లి వైపు రైతుల పిల్లలు. వాళ్లు వాటి మీద పామాయిల్ తోటల దాకా వెళ్లి ఫొటోలు దిగి వచ్చేవాళ్లు. ఆ బండి ఎందుకు తయారు చేశారో అందుకు వాడిన మనిషిని మాత్రం నేను ఒక్కణ్నే చూశాను. సర్వీసుకు వస్తే చక్రాల్లో ఎర్రమట్టి, చైనుకు చుట్టుకున్న గడ్డి. ఆ బండిని ఎవరికీ ఇవ్వకుండా నేనే కడిగి నేనే విప్పేవాణ్ని. మాకు స్నేహం అక్కడ కలిసింది. ఆయన నన్ను అన్నా అనేవాడు. నేను సారూ అనేవాణ్ని, కొంచెం వేళాకోళంగా, కొంచెం నిజంగా.

ఆయన తిరిగే గూడేల్లో ఒకటి వాగు అవతల ఉండేది. సరిహద్దు అవతలి అడవుల నుంచి వలస వచ్చిన కోయవాళ్లు గుడిసెలు వేసుకున్న చోటు. వాళ్లు అక్కడ తుపాకుల మధ్య బతకలేక ఇవతలికి వచ్చారు. ఎవరి తుపాకులని వాళ్లను అడగకూడదని ఆయన ఒకసారి అన్నాడు. మొదట్లో ఆయన్ను చూస్తేనే దాక్కునేవాళ్లు. చానా రోజులు వాగు ఒడ్డున బండి ఆపి ఊరికే కూర్చునేవాడట. తర్వాత తర్వాత అలవాటయ్యారు.

"ఇప్పుడైతే నేను పిలిచేదే లేదన్నా," అన్నాడు ఒకసారి టీ తాగుతూ. "గుట్ట మీదికెంచి వాగులకు దిగుతుంటేనే నా బండి సప్పుడు గుర్తు పడ్తరు. నేను వాగు దాటేసరికి పిల్లగాండ్లను సంకనేసుకొని నిలవడి ఉంటరు."

ఈ మాట ఆయన నాతో అన్నాడు. నేను విన్నాను. బాగుందే అనుకున్నాను. తర్వాత జరిగిందంతా ఈ మాట విన్నాకే జరిగింది.

ఒక వేసవిలో వాగులో రాయి తగిలి సైలెన్సర్ పగిలి వచ్చాడు. చేతి వెడల్పు చీలిక. కంపెనీ సైలెన్సర్ తెప్పించాలంటే వారాలు పడుతుంది. మా స్టోరులో బయటి కంపెనీది ఒకటి ఉంది. ఎవరో రైతు కొడుకు కోసం తెప్పించింది, అతను బండే అమ్మేసుకోవడంతో మిగిలిపోయింది. మెరిసే స్టీలు. దాన్ని ఏదో ఒక బండికి బిగించాలని నాకు చాలా రోజులుగా ఉంది. అది నిజం. స్నేహితుడికి మేలు చేస్తున్నానని అప్పుడు అనుకున్నాను. అదీ నిజమే. కానీ ముందు ఉన్నది మొదటిది.

"పాతదాన్నే వెల్డింగ్ కొట్టియ్యరాదన్నా," అన్నాడాయన. "రేపటి సంది తిరుగుడు ఉంది నాకు."

"వెల్డింగ్ చేస్తే మళ్లీ అక్కడే పగులుద్ది. ఇది స్టీలు సారూ. నీ సర్వీసంతా ఉంటది."

"సౌండ్ ఎక్కువ రాదు గదా?"

స్పేర్స్ కౌంటర్‌లో కూర్చునే ఆయన లోపలి నుంచి అందుకున్నాడు. ఎవరు ఏం మాట్లాడుకుంటున్నా మధ్యలో దూరకపోతే అతనికి పొద్దుపోదు. "ఇన్నాళ్లు మీ బండి పిల్లిలెక్క పోయింది సారూ. ఇగ పులిలెక్క పోతది."

"పులి వస్తే సూదులేపిచ్చుకోనికి ఎవరొస్తరే?" అన్నాడాయన.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

బిగించడం ఎంతసేపు. రెండు బోల్టులు, ఒక క్లాంపు, గాస్కెట్. పైపు చివర లోపల చప్పుడు తగ్గించే చిన్న గొట్టం ఒకటి పెట్టి ఇస్తారు. దాంతో స్టార్ట్ చేసి చూశాను. గొంతు నొక్కి పట్టుకున్నట్టుంది. ఆ గొట్టం తీసి చూశాను. షెడ్డంతా నిండిపోయింది చప్పుడు. పక్క బండ్ల దగ్గర పనిచేస్తున్నవాళ్లు తల ఎత్తి చూశారు. నేను మళ్లీ ఆ గొట్టం పెట్టలేదు.

రోడ్డు మీద నడిపి వచ్చి ఆయన ఒకటి చెప్పాడు. "యాక్సిలేటర్ వదిలితే పటపటమంటున్నదన్నా."

పైపు మార్చి, ఇంజన్‌కు పెట్రోలు అందించే లెక్క మార్చకపోతే అట్లాగే వస్తుంది. మండకుండా మిగిలింది పైపులోకి పోయి అక్కడ పేలుతుంది. దిగుడులో అయితే ఇంకా ఎక్కువ. ఆ లెక్క సరిచేసే ఏర్పాటు మా దగ్గర లేదు, హైదరాబాద్ పంపాలి. ఇదంతా నాకు తెలుసు. ఆయనకు చెప్పింది మాత్రం ఇది:

"అది దాని అందం సారూ. కుర్రోళ్లు ఆ పటపట కోసమే ఈ పైపు వేయించుకుంటారు."

"నేను కుర్రోణ్ని కాదు గదా అన్నా," అన్నాడు. కానీ నా మొహం చూసి ఊరుకున్నాడు. నేను ఇష్టపడి చేసిన పనిని కాదనడం ఆయనకు రాదు. నా పనికి నేనే మురిసిపోతున్నానని ఆయనకు కనిపించి ఉంటుంది. పాత సైలెన్సర్‌ను అదే సాయంత్రం తుక్కులో వేశాను.

తర్వాత వారంలో వచ్చినప్పుడు చెప్పాడు, వాగు అవతలి గూడేనికి రెండుసార్లు పోతే ఒక్క మనిషీ కనబడలేదని.

"తునికాకుకు పోయి ఉంటారు," అన్నాను.

"గదే అనుకున్న," అన్నాడు. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులే అవి. తెల్లవారకముందే గూడేలన్నీ అడవిలో ఉంటాయి. మా ఇద్దరికీ ఆ సమాధానం సరిపోయింది. కానీ ఆయన దిగులుగానే ఉన్నాడు. ఆ గూడెంలో ఒక అమ్మాయికి తొలి కాన్పు. నెలలు నిండుతున్నాయి. కాళ్లు వాచాయి, బీపీ బాగా ఉంది. భద్రాచలం పెద్ద దవాఖానాకు ముందుగానే తీసుకుపోయి పెట్టాలి. అత్త ఒప్పుకోలేదు. ఆయన పోయిన ప్రతిసారీ ఆమె దగ్గర కూర్చుని, కూర్చుని, ఆఖరికి ఒప్పించాడు. ఫలానా ఆదివారం నేనొస్తా, అంబులెన్స్‌ను రోడ్డు దాకా తెప్పిస్తా, అక్కడిదాకా బండి మీద మెల్లగా తీసుకుపోతా అని చెప్పి వచ్చాడు. అది పైపు మార్చకముందు జరిగిన ఒప్పందం.

ఆదివారం నాకు సెలవు. "నువ్వూ రాన్నా. దిగుడులో ఆ పటపట ఏందో నీ చెవులతోని విను. ఊరు కూడా చూసినట్టుంటది," అన్నాడు. ఆ అడవి పక్కనే పుట్టి పెరిగాను, ఆ గూడేలకు ఎన్నడూ పోలేదు. మా తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నాడు. మేం అడవిని రోడ్డు మీద నుంచి చూసినవాళ్లమే. వచ్చేటప్పుడు ఆ అమ్మాయి బండి మీద, నేను నడకన అనుకుని వెనక కూర్చుని బయలుదేరాను. చిన్న టూల్ కిట్ కూడా పట్టుకున్నాను.

అంబులెన్స్ రోడ్డు మీద వచ్చి ఆగింది. దాని డ్రైవర్‌తో మాట్లాడి మేం అడవిలోకి తిరిగాం. గుట్ట ఎక్కేదాకా బాగానే ఉంది. గుట్ట మీద నుంచి వాగులోకి దిగుడు మొదలైంది. ఆయన యాక్సిలేటర్ వదిలాడు.

పట్. పట్. పటపట్. పట్.

సత్తుపల్లి బజారులో ఆ చప్పుడు వేరు. అక్కడ లారీలు, హారన్లు, పాటలు ఉంటాయి. ఇక్కడ ఏమీ లేదు. ఒక్కో పేలుడు ఎదురు గుట్టకు తగిలి మళ్లీ వచ్చింది. చెట్ల మీద నుంచి పిట్టలు లేచాయి. నాకు అప్పటికీ అర్థం కాలేదు. బాగా మోగుతోంది అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ అనుకున్నది అదే.

వాగు దాటి గూడెంలోకి వచ్చాం. మనుషులు లేరు. అయితే అడవికి పనికి పోయిన ఊరు కాదది. పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది. ఒక గుడిసె ముందు సగం కట్టిన తునికాకు కట్ట, పక్కనే విప్పిన నార. నీళ్ల బిందె ఒకటి దారిలో పడిపోయి ఉంది, దాని కింద నేల ఇంకా తడిగా ఉంది. పసిపిల్ల ఉయ్యాల కదులుతోంది, అందులో పిల్ల లేదు. కోళ్లు మాత్రం తిరుగుతున్నాయి.

ఆ అమ్మాయి గుడిసె ముందు బట్టల మూట కట్టి ఉంది. దవాఖానాకు బయలుదేరడానికి సిద్ధం చేసుకున్న మూట.

ఒక ముసలామె ఉంది. నడుము పడిపోయినదట, పరుగెత్తలేదు. గోడకు ఆనుకుని కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఆయన హెల్మెట్ తీసి ముందు కూర్చుని పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచింది. చాలాసేపు ఆయన మొహం తడుముతూ చూసింది. తర్వాత కోయ భాషలో గబగబా ఏదో చెప్పింది. నాకు ఆ భాష రాదు. అందులో ఒక్క మాట మాత్రం తెలిసింది. తుపాకి. ఆ మాట ఆమె రెండు మూడుసార్లు అంది. ప్రతిసారీ వాగు వైపు చెయ్యి చూపించింది.

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. అందుకు ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"ఇంతకుముందు వచ్చినప్పుడు కూడా గిట్లనే ఉరికిన్రట, ఈమె గుడిసెల దాక్కున్నదట అన్నా," అన్నాడు, నేల వైపు చూస్తూ. "వచ్చింది నేనని వాళ్లు అనుకోలేదట. నేను వస్తే నా బండి సప్పుడు వేరే ఉంటదంటున్నది."

"ఆ అమ్మాయి?"

"ఆమె కూడా ఉరికింది."

ఆయన వాళ్లను పిలుచుకుంటూ అడవిలోకి పోయాడు. నన్ను అక్కడే ఉండమన్నాడు. నేను కొత్త మనిషిని, నన్ను చూస్తే ఇంకా దూరం పోతారని. గొంతు చాలాసేపు వినబడింది, తర్వాత వినబడలేదు. నేను బండి దగ్గర కూర్చున్నాను. చేతికి పని లేకపోతే నాకు తోచదు. టూల్ కిట్ విప్పి పైపు బోల్టులు వదులు చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, అది కూడా తీసేస్తే ఇంకా ఎక్కువ చప్పుడు వస్తుందని. మళ్లీ బిగించాను. ముసలామె పొయ్యి దగ్గరికి జరిగి, చిప్పలో అంబలి పోసి నా వైపు నెట్టింది. ఆ పొయ్యి దగ్గరి నుంచి పారిపోయిన మనుషుల కోసం వండిన అంబలి. తాగకపోతే ఆమె ఏమనుకుంటుందోనని తాగాను.

మధ్యాహ్నం దాటాక కొందరు తిరిగి వచ్చారు. ఆ అమ్మాయి రాలేదు. అంబులెన్స్ వేరే పిలుపు వచ్చి వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది, డ్రైవర్ తప్పు లేదు. మాకు ఫోన్ సిగ్నల్ లేదు. పొద్దు వాలేటప్పుడు ఆయన చేతుల నిండా గీతలతో తిరిగి వచ్చాడు. దొరకలేదు. మర్నాడు ఆమె మొగుడూ, మరిదీ కలిసి మంచం కట్టి మోసుకుంటూ రోడ్డుకు తీసుకొచ్చారు. దారిలోనే ఫిట్స్ వచ్చాయట. భద్రాచలంలో ఆమెను బతికించారు. బిడ్డ బతకలేదు.

ఆయన నాతో చాలాసార్లు అన్నాడు. "డాక్టరమ్మ చెప్పింది అన్నా, బీపీ ముందునుంచే ఉన్నది, ముందురోజు వచ్చినా గిట్లనే అయ్యేదేమో, చెప్పలేమన్నది." చెప్పలేం అన్నది నిజమే. ఆ మాటలో నేను ఊరట పడడానికి తగినంత చోటు ఉందని ఆయన ఉద్దేశం. ఆ చోటులో ఎలా కూర్చోవాలో నాకు ఇంతవరకూ తెలియలేదు.

గూడెం నుంచి వచ్చిన మర్నాడే తుక్కు కొట్టుకు పరుగెత్తాను. పాత సైలెన్సర్ అప్పటికే లారీకెక్కి పోయింది. కంపెనీది తెప్పించి బిగించాను. ఇంజన్ చప్పుడు మునుపటిలాగే ఉంది. అదే బండి, అదే చప్పుడు. నేను చెవి పెట్టి విన్నా తేడా తెలియలేదు. "మంచిగున్నదన్నా," అన్నాడాయన. తర్వాత తెలిసింది, గుట్ట మీదనే బండి ఆపి, వాగు దాకా నడిచి, అక్కడి నుంచి గొంతెత్తి పిలుచుకుంటూ పోతున్నాడని. ఏ బండి చప్పుడు వినబడ్డా గూడెం ఖాళీ అవుతోంది. నాకు సైలెన్సర్ మార్చడం వచ్చు. ఆయన వాగు ఒడ్డున కూర్చుని కూర్చుని సంపాదించింది నా షెడ్డులో తయారయ్యేది కాదు.

నేను ఆ పైపులు బిగించడం మానేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. మానలేదు. ఉద్యోగం కదా. అడిగినవాళ్లకు బిగించాను. ఆ లోపలి గొట్టం తియ్యను అని మాత్రం పట్టుబట్టేవాణ్ని. బండి ఎక్కడ తిప్పుతావు, దారిలో ఏ ఊళ్లున్నాయి, వెనక ఎవరు కూర్చుంటారు అని అడిగేవాణ్ని. కుర్రోళ్లు నవ్వేవాళ్లు. "ఏంది సార్, బండికి పెండ్లిచూపులా?" అని ఒకడన్నాడు. స్పేర్స్ కౌంటర్ ఆయన మాత్రం ఆ తర్వాత పులి మాట ఎత్తలేదు. అంత మాటకారికి అది చిన్న సంగతి కాదు.

రెండు వానాకాలాలు గడిచాక ఆయన సర్వీసుకు వచ్చి, నేను చైను చూస్తుండగా పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి మళ్ల కడుపుతోని ఉండె గదా, నిన్న భద్రాచలంల కాన్పయిందన్నా. ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరు."

"ముందే తీసుకుపోయారా?" అన్నాను.

"ముందే. ఈసారి అత్తనే తోలిచ్చింది."

"రోడ్డు దాకా ఎట్లా వచ్చింది?"

"నడిచి. వాగు దాటి, గుట్టెక్కి, మొత్తం నడిచే వచ్చింది. నిండు నెలలు. నాలుగడుగులకోసారి కూసుంటున్నది. నేను చూడలేక, గుట్ట మీద బండి ఉన్నది బిడ్డా, తెస్తా, మెల్లగా తోలుతా అన్న. వద్దన్నది."

"భయపడిందా?"

"ఆమెకు భయం లేదట," అన్నాడాయన. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టున్నాడు. మా మధ్య దాపరికం లేదు కాబట్టి చెప్పాడు. "లోపలి బిడ్డ వింటది అన్నది."

చైను బిగించాను. ఆయిల్ మార్చాను. బ్రేకులు చూశాను. పని అయ్యాక బండి స్టార్ట్ చేసి బయట పెట్టడం మా పద్ధతి. ఆ రోజు స్టార్ట్ చెయ్యలేదు. గేరు తప్పించి, షెడ్డులోంచి గేటు దాకా నెట్టుకుంటూ పోయాను. ఎత్తు బండి, బరువు. ఆయన లేచి వచ్చి, వెనక నుంచి ఒక చెయ్యి వేశాడు.